కళ్లు మూసిన పెళ్లికొడుకు

స్టూడియో వెనక గది,
సోమవారం

మరదలు పిల్లకి,

వదిన రాస్తున్న ఉత్తరం కాబట్టి ముందు కూర్చో. నిలబడి చదివితే పడతావు. మేం వస్తున్నాం.

అవును, మీ అన్నయ్య కూడా. పన్నెండేళ్లుగా నువ్వు రమ్మంటూనే ఉన్నావు, ఆయన మీనమేషాలు లెక్కపెడుతూనే ఉన్నారు. ఒకసారి పరీక్షల సీజన్ అన్నారు, హాల్ టికెట్ ఫొటోలుంటాయని. ఒకసారి పెళ్లిళ్ల సీజన్ అన్నారు. ఏ సీజనూ లేనప్పుడు, వచ్చే ఒక్క గిరాకీని కూడా వదులుకుంటామా అన్నారు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా చిన్నది, "నాకు మేనత్త నిజంగా ఉందా, ఉత్తరాల్లోనే ఉంటుందా?" అని అడిగింది. ఏడేళ్ల పిల్ల, దానికి నువ్వంటే పోస్టుమాన్ తెచ్చే కాగితమే కదా. మీ అన్నయ్య చెయ్యి కడుక్కుని లేచారు. మర్నాడు పాస్‌పోర్టుల సంగతి కనుక్కుని వచ్చారు.

ఊరందరికీ పాస్‌పోర్టు ఫొటోలు చిటికెలో తీసి ఇచ్చే మనిషికి తన ఫొటో తీసుకోడానికి వారం పట్టింది. కెమెరా స్టాండు మీద పెట్టి, మీట నొక్కి, పరిగెత్తుకెళ్లి స్టూలు మీద కూర్చోవాలి. కూర్చున్నాక "గడ్డం కొంచెం కిందికి, ఆఁ, అంతే" అని తనకు తనే చెప్పుకోవడం తలుపు సందులోంచి విన్నాను.

మీ దీవిలో కొండా లైట్‌హౌసూ తెల్ల ఇసకా చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారట కదా. ఈయన వాటి గురించి ఒక్క ముక్క అడగలేదు. అడిగింది ఒకటే, "చెల్లెలి ఇంట్లో కిటికీలు ఏ వైపు?" అని. వెలుతురు ఎటునుంచి పడుతుందో తెలియకుండా ఆయన ఏ ఇంటికీ చుట్టపుచూపుగా వెళ్లరు, నీకు తెలుసు.

ఇక్కడ అంతా ఎప్పటిలాగే ఉంది. ఊళ్లో ఆయన్ని ఇప్పటికీ రాతిచెయ్యి అనే పిలుస్తారు. నిరుడు స్కూలు పిల్లలందర్నీ మెట్ల మీద నిలబెట్టి, స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని గ్రూపు ఫొటో తీస్తే ఒక్క తల కదల్లేదు. ఆ సంగతి చెప్పుకుని ఏడాది బతికాం. పాలపళ్లు ఊడి నవ్వుతున్న నీ ఫొటో షాపు అద్దాల బీరువాలో ఇంకా ఉంది. వెలిసిపోయింది, తీసేద్దామంటే వినరు.

ఏం తేవాలో రాయి.

నీ వదిన


దీవి, రేవు వీధి,
మెట్ల ఇల్లు

వదినకి,

కూర్చునే చదివాను. చదివాక లేచి గెంతితే పక్కింటి వలలు అల్లే ఆవిడ పరిగెత్తుకొచ్చి ఎలక కనబడిందా అని అడిగింది. అన్నయ్య వస్తున్నాడని చెప్పాను. "నీకు అన్నయ్య ఉన్నాడా?" అంది. చిన్నదాని ప్రశ్నే.

ఏం తేవాలని అడిగావు. నా పెళ్లి ఫొటో తెండి. ఇంకేమీ వద్దు.

ఈ కథ నీకు తెలియంది కాదు. అయినా మొదట్నుంచీ రాస్తాను, ఎందుకంటే దీన్ని నువ్వు అన్నయ్యకి గట్టిగా చదివి వినిపించాలి. పన్నెండేళ్ల కిందట నాకు పెళ్లయింది. ఫొటోలు అన్నయ్యే తీశాడు. ఆ సాయంత్రమే నేను ఈయనతో ఈ దేశం బయల్దేరాను. ఫొటోలేవీ అని నేను రాస్తే, అన్నయ్య తన జన్మలో నాకు రాసిన ఒక్కగానొక్క ఉత్తరం వచ్చింది. అందులో రెండే వాక్యాలు. "బావ అన్నిట్లోనూ కళ్లు మూశాడు. కళ్లు మూసిన పెళ్లికొడుకు మా షాపు గడప దాటడు." ఊళ్లో నిద్రమొహాలందరికీ ఫొటో తీసి, వెనక షాపు ముద్ర కొట్టి, చేతికిస్తాడు. చెల్లెలి దగ్గరికొచ్చేసరికి మాత్రం తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఇక్కడికొచ్చిన మొదటి వారమే ఈయన ముందుగది గోడకి మేకు కొట్టారు, పెళ్లి ఫొటో కోసం. రాతి గోడ కదా, మేకు దిగేసరికి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. గోరు కొత్తది వచ్చింది గానీ ఫొటో రాలేదు. ఆ మేకుకి ఇన్నాళ్లూ ఈయన టోపీ వేలాడింది, నా గొడుగు వేలాడింది, ఒక ఏడాది ఉల్లిపాయల సంచి వేలాడింది. ఇంటికి ఎవరొచ్చినా "ఇక్కడ ఏదో ఉండేదనుకుంటా" అంటారు. ఉండేది కాదు, ఉండాల్సింది అని చెప్తాను.

ఫొటో లేకుండా రేవులో దిగితే అదే పడవలో వెనక్కి పంపిస్తానని చెప్పు. ఆ పడవ నడిపే సరంగు మా ఆయనే, అది గుర్తుంచుకోమను. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మిగతా సగం ఆ ఇంట్లో ఏం చేస్తున్నాడో నువ్వే చూసుకో.

కిటికీలు తూర్పు వైపు.

నీ మరదలు


స్టూడియో, చీకటి గది గుమ్మం దగ్గర,
శుక్రవారం

మరదలికి,

నీ ఉత్తరం గట్టిగానే చదివాను. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే అతను పని ఆపి విన్నాడు. మీ అన్నయ్య లెన్సు తుడుస్తూ అంతా విని, "కొత్తది తీస్తాను. అక్కడే తీస్తాను. వెలుతురు బాగుంటుందట" అన్నారు. పాతవి ఇచ్చేస్తే పోలేదా అంటే లెన్సు ఇంకా గట్టిగా తుడిచారు.

ఇక్కణ్నుంచి నీకొక్కదానికే. దీన్ని గట్టిగా చదవకు.

ఈ షాపులో పేరు మీ అన్నయ్యది, పని సగం నాది. మొటిమలు తీసేది నేను, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించేది నేను, మూసిన కళ్లు తెరిపించేది నేను. నెగటివ్‌ని వెలుతురుకి పెట్టి, సన్నకుంచెతో గీసి, అచ్చు వేశాక ఇంకోసారి దిద్దితే కళ్లు మూసుకున్నవాడి కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. నీ పెళ్లిది ఒక్క నెగటివ్ మీ అన్నయ్య నా చేతికిచ్చారు, మీరిద్దరూ దండలు వేసుకుని నిలబడ్డది. మిగతావి రేకు పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. ఆ ఒక్కదానితో నేను పడ్డ పాట్లు విను.

కళ్లు గీయాలంటే ఎదురుగా కళ్లుండాలి కదా. మొదటిసారి మీ అన్నయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి ఆయన కళ్లు చూసి గీశాను. తీరా చూస్తే పెళ్లికొడుకు నీకేసి "లెక్కలు చేశావా?" అన్నట్టు చూస్తున్నాడు. రెండోసారి ఊహించి గీశాను. పాముని చూసినవాడిలా వచ్చాడు. మూడోసారి షాపుకొచ్చిన పోలీసాయన కళ్లు నచ్చి పెట్టాను. నిన్ను అరెస్టు చేసి దండ వేసినట్టుంది. చించేశాను.

చూడని కళ్లు నాకు రావు, అదీ సంగతి. పెళ్లినాడు నేను వంటవాళ్ల మధ్య ఉన్నాను. సరంగుగారేమో వంచిన తల ఎత్తలేదు. ఆ సాయంత్రమే మీరు వెళ్లిపోయారు. కాబట్టి మీ అన్నయ్య కొత్త ఫొటో కోసం వస్తున్నారు, నేను మీ ఆయన కళ్ల కోసం వస్తున్నాను. ఒక్కసారి తనివితీరా చూసి వస్తే పాతదాన్ని బాగుచేసి పంపుతాను, నీ మేకుకి మోక్షం వస్తుంది. ఎవరికీ చెప్పకు. వదినగారు వచ్చిన దగ్గర్నుంచీ సరంగు కళ్లలోకే చూస్తోందని దీవంతా అనుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

నీ వదిన


దీవి, రేవు వీధి

వదినకి,

నీ రహస్యం కడుపులోనే ఉంది, నవ్వు మాత్రం ఆగలేదు. పోలీసాయన కళ్ల దగ్గర పొలమారింది.

అయితే ఒక పొరపాటు చేశాను. అన్నయ్య కొత్త ఫొటో తీస్తాడని ఈయనకి చెప్పాను. ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి రెప్ప వాల్చకుండా ఉండటం సాధన చేస్తున్నారు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారిపోతున్నాయి. నిన్న పడవలో ఒక ముసలావిడ "ఎవరు పోయారు బాబూ?" అని పరామర్శించిందట. ఎవరూ పోలేదు, బావగారు వస్తున్నారు అని చెప్పారట. ఆవిడ ఇంకా జాలిపడిందట.

పెళ్లికి ముందు ఆయనకి ఈ అలవాటు ఉందో లేదో నాకు తెలియదు. పన్నెండేళ్లుగా కళ్లు మూస్తావు, కళ్లు మూస్తావు అంటే ఎవరైనా మూస్తారు. ఇప్పుడైతే ఎవరు కెమెరా తీసినా చాలు, రెప్పలు టపటపా కొట్టుకుంటాయి. దీవి చూడ్డానికి వచ్చినవాళ్లు సరంగు పక్కన నిలబడి ఫొటో దిగుతుంటారు. అన్ని దేశాల్లోనూ మా ఆయన నిద్రపోతున్న ఫొటోలే ఉన్నాయి.

ఆయన కళ్లు చూడటం నువ్వనుకున్నంత తేలిక కాదు, ముందే చెప్తున్నా. పడవ దిగితే నిద్ర, నిద్ర లేస్తే నేలచూపు. మర్యాదస్తుడు.

మేడ మీద గది మీకు సిద్ధం చేశాను. పడవలో చిన్నదాన్ని ముందు వైపు కూర్చోబెట్టండి, వెనకైతే కడుపులో తిప్పుతుంది. త్వరగా రండి.

నీ మరదలు


మేడ మీద గది నుంచి కింది వంటింటికి,
చిన్నదాని చేత

మరదలా,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలేమిటని నవ్వకు. కిందికి దిగితే నువ్వు మీ అన్నయ్య మీద విరుచుకుపడతావు, పైనుంటే ఆయన నీ మీద విరుచుకుపడతారు. మీ ఇద్దరి మధ్యా నా తల ప్రాణం తోకకొస్తోంది. కాగితమైతే అరవదు.

పొద్దున లైట్‌హౌసు దగ్గర జరిగింది నేను ఈ జన్మలో మర్చిపోను. పన్నెండేళ్లు కాపురం చేసిన మీ ఇద్దరికీ దండలు వేసి, లోకమంతా తిరుగుతున్న చోట కొండ అంచున నిలబెట్టారు మీ అన్నయ్య. చూసేవాళ్లు కొత్త పెళ్లనుకుని చప్పట్లు కొట్టారు. ఒకావిడ వచ్చి నీ చేతిలో పూలు పెట్టి చల్లగా ఉండమంది. మీ అన్నయ్య "రెడీ" అనడం, సరంగుగారి కళ్లు మూతపడటం, మళ్లీ రెడీ, మళ్లీ మూత. చివరికి "బావా, అవి కళ్లా, షట్టర్లా?" అని ఈయన అనడం, నువ్వు దండ తీసి అక్కడ మేస్తున్న మేక మెడలో వేసి కొండ దిగిపోవడం. మేక ఫొటో బాగా వచ్చి ఉంటుందట. కళ్లు తెరిచే ఉంచిందట.

ఇప్పుడేమో భోజనానికి దిగనంటున్నారు. మెట్ల మీదుగా వాసన వచ్చినప్పుడల్లా "ఏం వండిందో" అని నన్ను కాకుండా కిటికీని అడుగుతున్నారు. నువ్వు ఒక్కసారి పిలిస్తే దిగుతారు. పెద్దాయన, పిలువు.

ఇంకో సంగతి. వచ్చి ఇన్నాళ్లయింది, నేను సరంగుగారి కళ్లు ఇంతవరకూ చూడలేదు. నేను పలకరిస్తే చాలు, నేలకేసి చూస్తూ జవాబిస్తారు. కాలివేళ్లు కావాలంటే చూడకుండా గీసి ఇస్తాను.

వదిన


వంటింటి నుంచి మేడ మీదికి,
నీ కాగితం వెనక

వదినా,

పిలవను.

నేను అడిగింది కొత్త ఫొటో కాదు. కొండ మీద నిలబడ్డవాళ్లు ఎవరో మోకాళ్ల నొప్పులవాళ్లు. వాళ్లతో నాకు పనిలేదు. నాకు ఆ రోజుది కావాలి.

నువ్వు వంటల దగ్గర ఉన్నావు కాబట్టి చూడలేదు. ఆ రోజు అన్నయ్య నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దుట్నుంచీ కెమెరా వెనకే ఉన్నాడు. నేను బండి ఎక్కేటప్పుడు అందరూ వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. పక్కవీధి పాలవాడు కూడా ఏడ్చాడు. అన్నయ్య మాత్రం ఎదురుగా దూరంగా నిలబడి క్లిక్కు క్లిక్కుమనిపిస్తూ ఉన్నాడు. మొహానికి అడ్డం పెట్టిన ఆ కెమెరా కిందికి దించలేదు. ఇంత దూరం చేసుకుని పోతున్నానని కోపమో, పోతే పోయిందిలే అనో నాకు ఇవాళ్టికీ తెలియదు. పోనీలే, ఆయనకి మాటలు రావు, ఫొటోలే వచ్చు, అవి చూస్తే ఆయన మనసులో ఏముందో తెలుస్తుందిలే అనుకుంటూ ఈ దేశం వచ్చాను. అవీ పంపలేదు. ఆ ఖాళీ మేకు చూసినప్పుడల్లా, అన్నయ్యకి నేనంటే ఏమీ లేదేమో అని మనసు లాగుతుంది. అలా అనుకోకుండా ఉండటానికి నేనెంత కష్టపడతానో నీకు తెలియదు.

ఇది ఆయనకి చదివి వినిపించకు.

మెట్ల మీద పళ్లెం పెట్టాను. పిలవలేదు, పెట్టానంతే. ఆకలేస్తే తింటాడు.

నీ మరదలు


స్టూడియో వెనక గది,
తిరిగొచ్చిన నెలకి

మరదలు పిల్లకి,

ఆ రోజు పళ్లెం ఖాళీగా కిందికి వచ్చిందని నీకు తెలుసు. కడిగి తెచ్చిపెట్టింది మీ అన్నయ్యే అని తెలియదు. ఇంట్లో ఏనాడూ గ్లాసు కూడా కడగని మనిషి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఆయన కళ్లు చూశాను.

మేం వచ్చేసే రోజు మీ రేవు కనుమరుగయ్యాక, నడి సముద్రంలో మంచు కమ్మింది. చిన్నది నువ్వు చెప్పిన మాట వినకుండా వెనక కూర్చుంది, దాని ఫలితం నా చీర మీద పడింది. సరంగుగారు కబురు పెట్టి మమ్మల్ని పడవ తిప్పే చక్రం ఉన్న గదిలోకి పిలిపించారు. ముందు అద్దానికి అవతల తెల్లటి తెలుపు, ఇంకేమీ లేదు. ఆయన చక్రం పట్టుకుని ఆ తెలుపులోకి చూస్తూ నిలబడ్డారు. మరదలా, ఆ మనిషి రెప్ప వాల్చలేదు. ఒడ్డు తగిలేదాకా ఒక్కసారి కూడా వాల్చలేదు. నేను పక్కనే నిలబడి మొహమాటం లేకుండా చూశాను. తేనె రంగు, కుడి కంట్లో చిన్న మచ్చ, చివర్లలో ఎండ గీసిన గీతలు. ఈయన కళ్లనా మనం ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నది అనిపించింది.

మీ అన్నయ్య కూడా చూశారు. కెమెరా మెడలోనే ఉంది, ముట్టుకోలేదు. పడవ ఆగాక దగ్గరికెళ్లి, "బావా, నీ కళ్లు మంచివి" అన్నారు. అనగానే సరంగుగారు కళ్లు గట్టిగా మూసేసుకున్నారు.

ఇంటికొచ్చి చీర తడిపి, కుంచె తీశాను. నా పనితనం గురించి నేను చెప్పుకోకూడదు, కానీ ఇంత బాగా ఎప్పుడూ చేయలేదు. మీ అన్నయ్య భూతద్దం పెట్టి వెతికి, తప్పు దొరక్క, వెనక షాపు ముద్ర కొట్టారు. ఇదుగో పంపుతున్నాను. మేకుకి తగిలించుకుని మీ అన్నయ్యని క్షమించు.

నువ్వు రేవులో నిలబడి చెయ్యి ఊపుతున్నప్పుడు ఆయన తీసిన ఫొటో మాత్రం రాలేదట. మంచు వల్ల పాడైందన్నారు.

నీ వదిన


దీవి, రేవు వీధి

వదినకి,

ఫొటో వచ్చింది. ఉల్లిపాయల సంచి చరిత్రలో కలిసిపోయింది. పక్కింటి ఆవిడ వల పక్కనపెట్టి వచ్చి, చాలాసేపు చూసి, "కళ్లే కళ్లు" అంది. నీ చేతికి దణ్ణం.

కానీ రెండు రోజులు చూశాక నాకేదో తేడాగా అనిపించింది. నువ్వేమీ తప్పు గీయలేదు, చూసింది చూసినట్టు గీశావు, అదే వచ్చిన చిక్కు. ఆయన నా తల మీదుగా ఎక్కడికో చూస్తున్నారు. మెళ్లో దండ, పక్కన నేను, ఆయనేమో ఒడ్డు ఇంకా ఎంత దూరం ఉందో అని వెతుకుతున్నారు. ఈయన్ని అడిగితే కాసేపు చూసి, "ఈ మనిషి డ్యూటీలో ఉన్నాడు, పెళ్లిలో లేడు" అన్నారు.

వదినా, నాకు మూసిన కళ్లవే పంపించు. నేను పెళ్లి చేసుకున్నది కళ్లు మూసిన ఆయన్నే కదా, ఇంకా ఎవరికి దాచాలి? అదొక్కటే కాదు, రేకు పెట్టెలో ఉన్నవన్నీ కావాలి. అన్నిట్లోనూ కళ్లు మూసుకుని ఉన్నా సరే.

ఇంకోటి. మంచు నడి సముద్రంలో కమ్మిందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. మీరు వెళ్లినప్పుడు రేవులో ఎండ మాడ్చేస్తోంది, నేను చేత్తో కళ్లకి నీడ పట్టుకుని నిలబడ్డాను. మరి నా ఫొటోలోకి మంచు ఎక్కడిది? అన్నయ్యని అడిగి రాయి.

నీ మరదలు


స్టూడియో వెనక గది,
బుధవారం

మరదలా,

ఈసారి కూడా కూర్చునే చదువు.

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివాను. "మంచు ఎక్కడిది" అన్న చోటికి వచ్చేసరికి మీ అన్నయ్య లేచి వెళ్లారు. రేకు పెట్టె తెచ్చి, తాళం తీసి, నా ముందు పెట్టారు. షాపులోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

అన్నీ చూశాను. స్టాండు మీద పెట్టి తీసింది నీ దగ్గరున్నదొక్కటే. సరంగుగారు కళ్లు మూసుకున్నది ఆ ఒక్కదాంట్లోనే. ఆ తర్వాత స్టాండు పక్కన పడేసి చేత్తో తీశారు, రాతిచెయ్యి కదా మరి. వాటన్నిట్లోనూ మీ ఆయన కళ్లు శుభ్రంగా తెరుచుకునే ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, నాలుగేసి ఉన్నాయి. నీకు రెండు ముక్కులు. మా మావగారికి మూడు తలపాగాలు. అన్నీ కదిలిపోయాయి, మరదలా. నువ్వు వెళ్లే వేళ దగ్గరపడేకొద్దీ ఇంకా ఇంకా కదిలాయి. చివరిది, నువ్వు బండి ఎక్కుతున్నది చూస్తే ఒక ఎర్ర చార, ఒక తెల్ల చార, అంతే. రేవులో తీసింది కూడా దానికి తోబుట్టువే. అందులో ఎండ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

తలుపు తోసుకుని వెళ్లి అడిగాను. "చెయ్యి వణికిందని చెప్తే ఏం పోయేది? పాపం ఆ మనిషి మీద ఇన్నేళ్లు నింద వేస్తారా?" అన్నాను. లెన్సు తుడిచే గుడ్డ మడతపెట్టారు. తర్వాత అన్నారు, "ఆ రోజు కెమెరాలోంచి చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదే. దించితే అందరికీ కనిపిస్తాను. అందుకే దించలేదు." నీ పాలపళ్లప్పట్నుంచీ నిన్ను తీసిన చేతికి ఆ రోజు నువ్వు వెళ్లిపోవడం పట్టుకోవడం చేత కాలేదట. సరంగుగారికి క్షమాపణ ఉత్తరం తనే రాస్తానన్నారు. నాలుగు కాగితాలు చించారు, ఇంకా "బావగారికి" దగ్గరే ఉన్నారు.

ఊరందరి కళ్లూ తెరిపించిన దాన్ని, ఇంట్లో ఈ మనిషిని నేను చూసుకోలేదు. ఆ బాధ నాకుంది.

వీటిని నా కుంచె బాగుచేయలేదు. చేయగలిగినా చేయను. అన్నీ పంపుతున్నాం. తడవకుండా మైనంగుడ్డ చుట్టి, తాడు కట్టింది ఆయనే. షాపు నుంచి ముద్ర లేకుండా ఏదీ బయటికి పోకూడదని ఒక్కోదాని వెనకా ముద్ర కూడా కొట్టారు. ముద్ర కూడా కొంచెం కదిలింది.

నీ వదిన


దీవి, రేవు వీధి,
మెట్ల ఇల్లు

అన్నయ్యకి,

ఈ ఉత్తరం వదినకి కాదు, నీకే. నువ్వే చదువుకో, గట్టిగా అక్కర్లేదు.

కట్ట విప్పి నేలంతా పరిచి కూర్చున్నాను. ఈయన పడవ దిగి వచ్చేసరికి వాటి మధ్యలో కూర్చుని ఏడుస్తున్నాను. ఆయన భయపడి, ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, "నా కళ్లు తెరిచే ఉన్నాయి" అన్నారు. ఇంకోటి తీసి, "ఇందులో కూడా" అన్నారు. ఆ తర్వాత ఆయన్ని పట్టలేకపోయాం. నాలుగు కళ్లున్నదొకటి జేబులో పెట్టుకుని పడవ ఎక్కిన ప్రతివాళ్లకీ చూపిస్తున్నారు. నీ క్షమాపణ ఉత్తరం అక్కర్లేదట, కాగితాలు చించడం ఆపేయమన్నారు. నిన్న ఎవరో ఆయన్ని ఫొటో తీశారు. రెప్ప కొట్టలేదట. నేనింకా చూడలేదు, నమ్మకం మాత్రం కుదిరింది.

వదిన దిద్దిన ఫొటోని చక్రం ఉన్న గదిలో పెట్టాం. ఆ మనిషి డ్యూటీలో ఉన్నాడు కాబట్టి డ్యూటీకే పంపాను. వదిన పనితనం రోజూ ఇటు ఒకసారి అటు ఒకసారి సముద్రం దాటుతోంది.

రేవు ఫొటో కోసం ఈయన రెండో మేకు కొట్టారు. రెండో బొటనవేలి గోరు కూడా నల్లబడింది.

మొదటి మేకుకి తగిలించింది చివరిది, నేను బండి ఎక్కుతున్నది. ఇంతమంది ఏడ్చారు గానీ అన్నయ్యా, నాకు గుర్తుండిపోయింది ఏడవని నువ్వొక్కడివే. ఇన్నేళ్లూ తప్పు మనిషిని గుర్తుపెట్టుకున్నాను.

ఇంటికొచ్చినవాళ్లు దాని ముందు నిలబడి, తల అటు వంచి ఇటు వంచి చూస్తున్నారు. చార తప్ప ఏమీ లేదు, ఇది ఎవరి ఫొటో అని అడుగుతున్నారు.

మా అన్నయ్యది అని చెప్తున్నాను.

నీ చెల్లెలు